ఆంబులెన్స్ డాష్‌బోర్డులో చీకటి

కాడుగోడి స్టేషన్‌లో దిగేసరికి సన్నని తుంపర. భుజాన కిట్‌బ్యాగ్, చేతిలో నల్ల ట్రంకుపెట్టె, పెట్టెలో నా సొంత మల్టీమీటర్. సైన్యంలో నాది బండ్ల ఎలక్ట్రీషియన్ పని. రాజస్థాన్ ఇసుకలోంచి బెంగళూరు వర్క్‌షాప్‌కు పోస్టింగ్ వచ్చిందని తోటివాళ్ళు కుళ్ళుకున్నారు. "హనీమూన్‌కి పోతున్నావురా" అన్నారు. సైనికుడనగానే మీరంతా తుపాకీ గురించి అడుగుతారు. నేను అక్కడ తలపడింది ఒక ఆంబులెన్స్ డాష్‌బోర్డుతో.

రేకుల షెడ్డు. నూనె మరకల గచ్చు. ఉదయం ఆరున్నరకు హాజరు. చేరిన వారానికే ఒక సాయంత్రం వాకీటాకీలో రాత్రి డ్యూటీ డ్రైవర్ గొంతు వినిపించింది.

"వర్క్‌షాప్, వర్క్‌షాప్. ఆంబులెన్స్ డాష్ లైట్లు పోయాయి. ఓవర్."

ఫ్యూజు చూశాను. బాగుంది. మీటర్ల వెనక కనెక్టర్ ఊడదీసి తుడిచాను. ఎర్త్ వైరు బిగించాను. బోలెడంతసేపు తల గోక్కున్నాక, స్టీరింగ్ పక్కనున్న చిన్న చక్రం మీద చూపు పడింది. డాష్ వెలుగును పెంచడానికీ తగ్గించడానికీ ఉండే చక్రం అది. ఎవరో దాన్ని పూర్తిగా కిందికి తిప్పేశారు. పైకి తిప్పగానే లైట్లు వెలిగాయి. రాత్రి డ్రైవర్ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

మర్నాడు సాయంత్రం మళ్ళీ అదే చీకటి. చక్రం వదులైందేమోనని కొత్తది వేశాను. అయినా అంతే. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు.

మా సుబేదార్ హిందీలో అరిచారు. తెలుగులో చెబితే ఇది: "చక్రం తనంతట తాను తిరగదు. పగటి డ్రైవరే తిప్పి బండి అప్పజెబుతున్నాడు. ఇంకొక్కసారి జరిగితే స్టీరింగ్ మీద నుంచి దింపేస్తా."

పగటి డ్రైవర్ ఒక హవల్దార్. బొమ్మనహళ్ళిలో తాతల నాడే స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఏళ్ళ తరబడి సరిహద్దు కొండల్లో బండ్లు తోలి, చివరి పోస్టింగ్‌కి సొంత ఊరు చేరాడు. ఆంబులెన్స్‌ను తానే కడిగేవాడు, ఇంకొకరిని గుడ్డ ముట్టనిచ్చేవాడు కాదు. రిటైరయ్యేదాకా ఆ బండి మీదే ఉండాలని అతని కోరిక. సుబేదార్ మాటకు అతని ముఖం పాలిపోయింది.

"దేవునాన నేను తిప్పలేదప్పా. ఆ రాత్రోడు సుమ్నే, ఊరికే నా మీద చెప్తా ఉండాడు" అన్నాడు.

నేను నమ్మాను. అబద్ధమాడే మనిషి కాదు. సంగతేమిటో చూద్దామని మర్నాడు పక్క సీట్లో నేనూ ఎక్కాను. ఆసుపత్రిలో రోగిని దించి హోసూరు రోడ్డు మీద తిరిగొస్తున్నాం. బొమ్మనహళ్ళి సిగ్నల్ పడింది. గార్మెంట్ యూనిట్లు అప్పుడే వదిలారు. రోడ్డు నిండా ఆడవాళ్ళు, చేతుల్లో క్యారియర్లు. వెలుతురు తగ్గుతోంది. హవల్దార్ ఇంట్లో రాగిముద్దలోకి కాచిన ఉలవల చారు గురించి చెబుతున్నాడు. చెబుతూనే హెడ్‌లైట్లు వేశాడు. అదే చెయ్యి కిందికి జారి చక్రం తిప్పింది. డాష్ ఆరిపోయింది. అతని ముఖం మసకలో కలిసిపోయింది. ఉలవల చారు కబురు మాత్రం ఆగలేదు.

"అన్నా, నీ చెయ్యి చూసుకో" అన్నాను.

చూసుకున్నాడు. పరాయివాడి చేతిని చూసినట్టు చూశాడు. సిగ్నల్ దాటాక బండి పక్కకు ఆపాడు.

"ఆడ రాత్రిపూట మొగం మీద వెలుగు పడకూడదప్పా. కొండ మీంచి తుపాకీలు పెట్టుకొని చూస్తా ఉంటారు. ముందర బండిలో మా దోస్తు తిప్పేది మరిచిపోయినాడు. నేను వెనకాలే ఉండాను. అద్దం పగిలిన చప్పుడు విన్నా." చక్రం మీది చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు. "సాబ్‌కు చెప్తావా? చెప్తే డాక్టర్ కాడికి పంపిస్తారు. బండి పోతాది."

షెడ్డుకు రాగానే ప్యానెల్ విప్పాను. చక్రానికి పోయే రెండు తీగల్నీ ఒకదానితో ఒకటి కలిపి టేపు చుట్టాను. చక్రాన్ని ఉన్నచోటే ఉంచాను. ఇక దాన్ని ఎంత తిప్పినా వెలుగు తగ్గదు. "చక్రంతోనే తంటా, సరిచేశాను సాబ్" అన్నాను. సుబేదార్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తలూపి వెళ్ళిపోయారు.

మరుసటి సాయంత్రం మళ్ళీ పక్క సీట్లో ఎక్కాను. అదే సిగ్నల్. చెయ్యి కిందికి జారింది. చక్రం తిరిగింది. వెలుగు పోలేదు. హవల్దార్ చప్పున తల వంచి స్టీరింగ్ వెనక నక్కాడు. నేను భుజం మీద చెయ్యి వేశాను.

"అన్నా, ఇది బొమ్మనహళ్ళి. మీ ఇల్లు ఆ సందులోనే కదా."

మెల్లగా తలెత్తి సందు వైపు చూశాడు.

"అవునప్పా. ఆడనే ఉండాది" అన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

ఆ తర్వాత వాకీటాకీలో ఆ ఫిర్యాదు రాలేదు. ఆదివారాలు వాళ్ళింట్లోనే భోజనం. రాగిముద్దను నమలకుండా మింగడం రాక నేను నములుతుంటే వదిన నవ్వేది. నా సర్వీసులో అంత హాయిగా గడిచిన రోజులు మళ్ళీ రాలేదు. బదిలీ వచ్చినప్పుడు కాడుగోడి స్టేషన్ దాకా స్కూటర్ మీద దింపాడు. రైలు కదిలేదాకా నిలబడ్డాడు.

ఇప్పుడు ఒంగోలులో నాకో పాత కారు ఉంది. సాయంత్రం లైట్లు వేయగానే అతను గుర్తొస్తాడు. బొమ్మనహళ్ళి సిగ్నల్ దగ్గర డాష్ వెలుగులో పచ్చగా అతని ముఖం. అతని బొటనవేలు ఇంకా చక్రాన్ని తిప్పుతూనే ఉంటుంది. వెలుగు అతని ముఖం మీంచి కదలదు.