నాలుగోట్ల క్లిఫర్డ్

క్లిఫర్డ్ గ్రిమ్‌షాకు ఆ పేరు పెట్టింది మా నూలు మిల్లు గేటు దగ్గర పేపర్లమ్మే ఆవిడ. పెట్టిన పూట అందరూ నవ్వారు. ఇరవై ఏళ్ళుగా అతని ఎదురింట్లో ఉంటున్నవాణ్ణి, నేనూ నవ్వాను.

క్లిఫర్డ్ మిల్లులో దూది బేళ్ళు తూకం వేసేవాడు. పొట్టి మనిషి, పొదుపుగా మాట్లాడేవాడు. మా వీధిలో కారున్నది అతనొక్కడికే. అది పాత కారు, తలుపు గట్టిగా లాగితే గాని పడేది కాదు. ఎన్నికలొస్తే ఆ కారు పార్టీదయిపోయేది. కొండ మీది ఇళ్ళ వరసలో నలుగురు ముసలమ్మలుండేవారు. మెట్లు దిగి ఓటింగు జరిగే బడిదాకా నడవలేరు. క్లిఫర్డ్ వాళ్ళను ఒక్కొక్కరినే చెయ్యి పట్టి దించి, మోకాళ్ళ మీద దుప్పటి కప్పి, తీసుకెళ్ళి ఓటు వేయించి తెచ్చేవాడు. అయిదు ఎన్నికలు, పందొమ్మిదేళ్ళు. దానికి ఎవరూ ప్రత్యేకంగా కృతజ్ఞత చెప్పలేదు, అతనూ అడగలేదు.

ఆశపడింది ఒక్కసారే. డెబ్భై నాలుగు ఫిబ్రవరి అది. బొగ్గు గని వాళ్ళు సమ్మెలో ఉన్నారు. వారానికి మూడు రోజులే మిల్లు నడుస్తోంది, కరెంటు చాలక ఇళ్ళల్లో కొవ్వొత్తులు. ఆ మధ్యలో ఎన్నికలు వచ్చిపడ్డాయి. టౌన్‌హాల్లో పార్టీ సభ పెట్టారు. ఈసారి తనకూ వేదిక మీద ఒక కుర్చీ ఉంటుందని క్లిఫర్డ్ ఎందుకో అనుకున్నాడు. భార్య ఐవీ అతని పెళ్ళినాటి సూటు ఇస్త్రీ చేసింది. అతను మెట్లెక్కబోతుంటే మా వార్డు కార్యదర్శి నార్మన్ టాటర్సాల్ ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"ఎక్కడికయ్యా? పైన మాట్లాడేవాళ్ళు కూచుంటారు. డ్రైవర్లకు కింద బోలెడు చోటుంది."

హాలంతా గొల్లుమంది. ఐవీ మూడో వరసలో కూచుని ఉంది. క్లిఫర్డ్ వెళ్ళి ఆమె పక్కన కూచున్నాడు. సభ అయ్యేదాకా టోపీ ఒళ్ళో పెట్టుకుని దాని అంచు తిప్పుతూనే ఉన్నాడు.

పోలింగు నాడు అతని కారు కదల్లేదు. నార్మన్ రెండుసార్లు మనిషిని పంపాడు. బ్యాటరీ చచ్చిందని క్లిఫర్డ్ గుమ్మంలోనే జవాబు చెప్పాడు. ముందురోజు సాయంత్రం ఆ కారులో అతను ఐవీని మార్కెట్టుకు తీసుకెళ్ళడం నేను చూశాను. జీవితంలో ఒక్క పూట అలిగాడు, అంతే. కొండ మీద నలుగురు ముసలమ్మలూ టోపీలు పెట్టుకుని, కోట్లు తొడుక్కుని, చీకటి పడేదాకా తలుపుల వెనక ఎదురుచూశారు.

మర్నాడు మూడుసార్లు లెక్కపెట్టి చెప్పారు: మా ఊళ్ళో మా పార్టీ మూడు ఓట్లతో ఓడిపోయింది.

దేశం మొత్తమ్మీద చూస్తే ఎవరికీ మెజారిటీ లేదు. త్రిశంకు సభ, వేలాడే పార్లమెంటు. పాత ప్రధాని కుర్చీ వదలడు, కొత్తవాడికి కుర్చీ దొరకదు. శని, ఆది వారాలు రేడియో చుట్టూ మూగి విన్నాం. చేపల కొట్టు ముందు వరసలో జనం పళ్ళు నూరుకున్నారు. "మళ్ళీ ఎన్నికలేనా? మళ్ళీ కొవ్వొత్తులేనా?" "ఆ గుంపులో ఒక్కడికీ పనికొచ్చే ముఖం లేదు." తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి. లండన్ దూరం. క్లిఫర్డ్ మా వీధిలోనే ఉన్నాడు.

సోమవారం మిల్లు గేటు దగ్గర పేపర్లావిడ కేకేసింది. "ఏం క్లిఫర్డూ, నాలుగోట్లు ఎక్కడ దాచావు? ఇంట్లో పరుపు కిందా?"

అంతే, పేరు అంటుకుంది. మూడు ఓట్ల తేడా, కారులో రాని నాలుగు ఓట్లు. చిన్నపిల్లలు కూడా కట్టగలిగిన లెక్క. ఆ వారంలోనే కార్మికుల క్లబ్బులో అతను కోటు తగిలించే కొక్కేనికి ఎవరో బట్టలారేసే తాడు ఉచ్చు వేసి వేలాడదీశారు.

"పార్లమెంటు వేలాడుతోందిగా," అన్నాడు నార్మన్ బీరు గ్లాసు ఎత్తి. "దానికి తాడు పేనినవాడికి మనం ఒక ముక్కయినా ఇవ్వకపోతే ఎలా?"

క్లిఫర్డ్ ఆ తాడు విప్పి, చుట్ట చుట్టి, బల్ల మీద పెట్టి, కోటు తగిలించుకున్నాడు. అతని పక్క కుర్చీలోకి ఎవరూ రాలేదు. నేనూ వెళ్ళలేదు.

తరవాతి ఆదివారం అతను ముసలమ్మల దగ్గరికి క్షమాపణ అడగడానికి బయల్దేరాడు. మొదటి ఇంట్లో తలుపు తియ్యలేదు. రెండో ఆవిడ ఏడ్చింది. మూడో ఇల్లు హెట్టీ లంబ్‌ది, ఎనభై ఒక్క ఏళ్ళు. ఆవిడ మాత్రం లోపలికి పిలిచి టీ పోసింది. అక్కడ జరిగింది ఆ సాయంత్రమే నాకు చెప్పాడు, మా పెరట్లోకి వచ్చి గోడకి ఆనుకుని.

"పోనీలే నాయనా, దానికింత బాధెందుకు?" అందట ఆవిడ. "నేనూ, నాలుగో ఇంట్లో ఉండే మా చెల్లి ఎల్సీ ఎప్పుడూ అవతలి పార్టీకే వేశాం. మా నాన్న అటువాడు. మిగతా ఇద్దరూ మీవైపు. నువ్వు తీసుకెళ్ళినా రెండుకు రెండు చెల్లు. ఏ తేడా వచ్చేది కాదు."

"మరి ఇన్నేళ్ళూ నా కారులో ఎందుకెక్కారండీ?"

"వాన పడేది కదా, నాయనా. అవతలివాళ్ళు కారు పంపేవాళ్ళు కాదు."

ఆ మాట ఒక్కసారి క్లబ్బులో చెప్పమని క్లిఫర్డ్ బతిమాలాడు. ఆవిడ కప్పు కింద పెట్టేసింది. "చెప్తే ఈ వరసలో నాతో ఎవరు మాట్లాడతారు? నువ్వు మగాడివి, తట్టుకుంటావు."

గోడ దగ్గర నిలబడి అతను నన్నడిగాడు. "ఎర్నీ, అయితే పందొమ్మిదేళ్ళు నేను చేసిందేంటి? రెండు ఇటు, రెండు అటు. సున్నాని మోశానా?"

క్లబ్బులో మాత్రం నోరెత్తకు అన్నాను. అతను వినలేదు. శనివారం బీర్లు అందుతున్న వేళ లేచి నిలబడి, ఆ నాలుగు ఓట్లు వచ్చినా మనం ఓడేవాళ్ళమే, అందులో ఇద్దరు అవతలివాళ్ళకే వేసేవారు అని చెప్పాడు. ఎవరని అడిగారు. మొదట చెప్పలేదు. నార్మన్ గుచ్చి గుచ్చి అడిగాడు. "పేర్లు లేవేం? కట్టుకథలకు పేర్లుండవులే!" అప్పుడు చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే నార్మన్ ముగ్గురిని వెంటేసుకుని హెట్టీ లంబ్ ఇంటికెళ్ళాడు. ఆవిడ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ముసలిదాని పరువు తీశాడంది. తన భర్త ఆ మిల్లులోనే చెయ్యి పోగొట్టుకున్నాడు, అలాంటిది తను అవతలివాళ్ళకు ఓటేస్తుందా అంది. ఎల్సీ పక్కన నిలబడి అవునంటూ తల ఊపింది.

ఆ వారం క్లబ్బులో ఓటింగు పెట్టారు. క్లిఫర్డ్‌ను సభ్యత్వం నుంచి తొలగించాలా వద్దా అని. పార్లమెంటులో రాని మెజారిటీ అక్కడ వచ్చింది. నలభై ఒక్క చేతులు లేచాయి, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. ఆ నలభై ఒకటిలో నాదీ ఉంది. అతను చెప్పింది నిజమని నాకు తెలుసు. కాని నార్మన్ ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తూ లెక్కపెడుతున్నాడు. నా దాకా వచ్చేసరికి నా చెయ్యి అప్పటికే పైనుంది.

క్లిఫర్డ్ లేచాడు. జేబులోంచి సభ్యత్వపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. కోటులో తప్పు చెయ్యి దూర్చి, మళ్ళీ తీసి తొడుక్కున్నాడు. అదీ చూసి ఒకడు నవ్వాడు.

అక్టోబరులో మళ్ళీ ఎన్నికలొచ్చాయి. క్లిఫర్డ్ తెల్లవారకముందే కారు కడిగి, కొండ మీది వరస ముందు ఆపి కూచున్నాడు. నార్మన్ ఒక వ్యాను మాట్లాడాడు. నలుగురు ముసలమ్మలూ అతని కారు కిటికీ పక్కనుంచే నడిచి వెళ్ళి వ్యాను ఎక్కారు. హెట్టీ లంబ్‌కు మెట్టు అందకపోతే క్లిఫర్డ్ కారు దిగి రాబోయాడు. "నువ్వు ముట్టుకోకు!" అంది ఆవిడ, వీధంతా వినేట్టు.

మేం పద్దెనిమిది వందల ఓట్లతో గెలిచాం.

వసంతానికి వాళ్ళు ఊరు వదిలారు. ఐవీ తమ్ముడు సముద్రం ఒడ్డున ఎక్కడో ఇల్లు చూశాడట. సామాను బండి వచ్చినప్పుడు సాయపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే. బరువైన బట్టల బీరువాకు ఒక వైపు క్లిఫర్డ్ పట్టాడు, ఇంకో వైపు నేను వంగాను. ఐవీ గుమ్మంలో చీపురు పట్టుకుని ఉంది. ఏడాదిలో ఆమె నాతో మాట్లాడడం అదే మొదలు.

"క్లబ్బులో ఎత్తింది ఏ చెయ్యి ఎర్నీ? కుడిదా, ఎడమదా?"

"ఐవీ, ఊరుకో," అన్నాడు క్లిఫర్డ్. తరవాత నావైపు చూడకుండానే, "మెట్టు ఉంది, చూసుకుని దిగు," అన్నాడు.

బీరువా దించి బండెక్కించాం. వాళ్ళు వెళ్ళిపోయారు. మరుసటి శనివారానికల్లా ఆ ఇంట్లోకి కొత్త కాపురం దిగింది.