గిరి ప్రదక్షిణ రోజు బెల్లం కాఫీ

మా చిన్నప్పుడు... ఆషాఢ పౌర్ణమి వచ్చిందంటే గోపాలపట్నంలో మా వంటింటికి ఊపిరాడేది కాదు. సింహాచలం కొండ చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లు మా ఇంటి ముందు నుంచే వెళ్లేవారు. అప్పటికే బోలెడు దూరం నడిచి కాళ్లీడ్చుకుంటూ వచ్చేవారు. వాళ్లకి కాఫీ ఇవ్వడం మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, పెట్టిన ఆనవాయితీ.

ఊరంతా కొండ మీది అప్పన్న స్వామి చుట్టూ తిరుగుతుంటే అమ్మా నేనూ కిరసనాయిలు స్టవ్వు చుట్టూ తిరిగేవాళ్లం...

ఎనిమిదో తరగతిలో ఉండగా, ఈసారి నడిచి తీరతానని మొండికేశాను. పక్కింటి పైడితల్లి తోడొస్తానంది. మామ్మ చివరికి దిగొచ్చింది.

"మొదటి గిన్ని కాసీసి ఎల్లిపో. ఆపైన మీయమ్మ సూసుకుంటాది."

ఆ రోజు కాఫీలో పంచదార వేయనిచ్చేది కాదు మామ్మ. బెల్లమే వేయాలి. బెల్లం డికాషన్‌లో కరిగించి, పాలు విడిగా కాచి, దించాక కలపాలి. నాకు తెలియక కాదు... గేటు దగ్గర పైడితల్లి ఒకటే కేకలు. "ఒలే, వత్తన్నావా నేదా? మావోళ్లు ఎల్లిపోతన్నారు!"

ఆ కంగారులో బెల్లం నేరుగా మరుగుతున్న పాలల్లో పడేశాను.

"ఓలమ్మో! ఏటి సేసేవే గుంటా, పాలన్నీ ఇరిగిపోనాయి!" మామ్మ నెత్తి కొట్టుకుంది. కొట్టుకి పరిగెత్తితే అక్కడా పాలు అయిపోయాయి. అరుగు మీద జనం కూర్చునే ఉన్నారు.

ఇంకేం చేస్తాను... ఏడుస్తూనే, ఉన్న కాస్త డికాషన్‌లో నీళ్లు ఎక్కువ పోసి, మిగిలిన బెల్లం వేసి, శొంఠీ ఏలకులూ దంచి మరిగించాను. చుక్క పాలు లేవు. కాఫీ వాసన వేసే కషాయంలా ఉంది. తిట్లు తిని పారిపోదామనే అనుకున్నాను.

పెదజాలరిపేట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ గ్లాసు ఖాళీ చేసి, "కడుపులో బరువు నేదు, పేనం లేసొచ్చింది. ఎవులు కాసేరమ్మా?" అంది.

"మా మనవరాలే!" అంది మామ్మ, వీధంతా వినబడేలా.

అంతే... ఇంకో గ్లాసు, ఇంకో గిన్నె. నేను తలెత్తేసరికి గేటు దగ్గర పైడితల్లి లేదు.

గ్లాసులు కడుగుతూ అమ్మ మెల్లగా అంది. "మెచ్చుకున్నారని మురిసిపోకే అమ్మీ... నన్నూ ఇలాగే మెచ్చుకునీవోరు." పెళ్లయి ఆ ఇంటికొచ్చాక అమ్మ ఒక్క ఏడు కూడా నడవలేదని నాకు అప్పుడే తెలిసింది. భయమేసింది, నిజంగా.

మరుసటేడు నేను నోరు తెరవకముందే మామ్మ బెల్లం, శొంఠి తెచ్చి నా ముందు పెట్టింది. "ఆ తేలిక కాఫీ నీ సేత్తోనే రావాల." ఆపై ఏడూ అంతే... డిగ్రీ అయ్యేదాకా అంతే. పాడు చేసిన కాఫీయే నన్ను కట్టిపడేసింది!

ఇప్పుడు దారి పొడవునా టెంట్లు, మజ్జిగ ప్యాకెట్లు, నీళ్ల సీసాలు. మా కాఫీ కోసం ఎవరూ ఆగరు. మామ్మ పోయి చాలా ఏళ్లయింది. నాకు అడ్డు చెప్పేవాళ్లే లేరు. ఈ ఏడు మా ఆయన, "పద, ఇద్దరం కలిసి నడుద్దాం" అన్నారు కూడా.

"మీరెళ్లి రండి... తిరిగొచ్చేసరికి కాఫీ కాసి ఉంచుతాను" అనేశాను. ఎవరూ అడగకుండానే! ఆయన వెళ్లాక వంటింట్లో నిలబడి చాలాసేపు ఏడ్చాను.

మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు... పండగ రోజు గుమ్మం దాటని మనిషి. ఎవరో చెప్పండి. వీలైతే ముందు వాళ్లని ఒకసారి అడగండి, ఎక్కడికి వెళ్లాలనుందో...