గురవమ్మ కూర్చున్న మొదటి ధర్నా

తిరుపతిలో వీధులూడ్చే గురవమ్మ, పని పోతుందనే భయంతో పదేళ్లుగా ఏ ధర్నాకూ వెళ్లలేదు. “పిరికిదానా, జీతం పెరిగితే నువ్వు తీసుకోవా?” అని జోడుగా ఊడ్చే చంద్రకాంతమ్మ నవ్వేది.

నిన్న ఊడుస్తుండగానే చంద్రకాంతమ్మను లారీ గుద్దేసింది. పరిహారం కోసం తోటి పనివాళ్లంతా శవంతో ధర్నాకు కూర్చుంటే, ఆమె మా మనిషే కాదన్నాడు కాంట్రాక్టరు.

వెనక కూర్చున్న గురవమ్మ లేచింది. “పదేండ్లు నా పక్కనే ఊడ్సింది గదయ్యా! మీ మనిషి కాదా?”

“రేపట్నించి నువ్వూ కాదు, పో!”

“చంద్రకాంతమ్మకూ...” అని ఎవరో గొంతెత్తారు.

“జోహార్!” అన్నారందరూ.

గురవమ్మ శవం పక్కన కూలబడి, చంద్రకాంతమ్మ పాదాలకంటిన రోడ్డు దుమ్మును కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.