గుట్ట మీద మొలకల లెక్క

మా బడి వెనకాల ఒక గుట్ట. పుత్తూరు నుంచి నగరి పోయే బస్సులోంచి కనబడే బోడిగుట్టల్లో అదీ ఒకటి. ఎవరూ దాన్ని రెండోసారి తల తిప్పి చూసేవారు కాదు. నేను ఆ బడిలో సైన్సు అయివారిని. ప్రతి ఏడూ వనమహోత్సవానికి గుట్ట అడుగున పిల్లల చేత మొక్కలు నాటించేవాణ్ణి. ప్రతి ఏడూ అవి చచ్చేవి. మరుసటేడు గుంతలు తవ్వే పని కూడా ఉండేది కాదు, పాతవే సిద్ధంగా ఉండేవి. సిగ్గుపడాల్సిన సంగతి. అప్పట్లో నాకు నవ్వొచ్చేది.

తొంభైల చివర్లో తిరుపతి నుంచి ఒక అమ్మాయి వచ్చింది, విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోందట. ఆమె అడిగింది విని నోరు తెరిచాను.

"మొక్కలు నాటొద్దు సార్. నీళ్ళు కూడా పొయ్యొద్దు. ఊరికే లెక్కపెడదాం."

మేకల్ని రానివ్వకపోతే పాత అడవి దానంతటదే తిరిగి వస్తుందా అన్నది ఆమె ప్రశ్న. అందుకని గుట్ట మీద ఒకే కొలతతో రెండు చదరాలు గీయించింది. ఒకదాని చుట్టూ రాతికూసాలు పాతి ముళ్ళతీగె కట్టించింది. రెండోదానికి కంచె లేదు. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు నిలబెట్టి, దూరానికి కనబడాలని ఎర్రరంగు పూయించింది, అంతే. అందులో మేకలు ఎప్పటిలాగే మెయ్యాలి. కొన్నాళ్ళకు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

నెలకోసారి మొలకలు లెక్కపెట్టే పని మా ఎనిమిదో తరగతి పిల్లలది. మొలకలు నలుగుతాయని ఆమె పిల్లల చేత చెప్పులు విడిపించేది, తనూ విడిచేది. దారాలు కట్టి చదరాన్ని గడులు చేసేవాళ్ళు. ఒక్కో గడి దగ్గర ఒకరు మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, పెదాల్లోనే ఒకటి, రెండు అని ఎంచేవాళ్ళు. బడిలో చెవులు చిల్లులు పడేలా అరిచే మూక అక్కడ కిక్కురుమనకుండా ఉండటం చూసి మొదటి రెండు నెలలూ విస్తుపోయాను. తర్వాత మోకాలినొప్పి వంకతో ఎక్కడం మానేశాను. పిల్లలు దిగొచ్చాక నోటుపుస్తకంలో సంతకం మాత్రం గీకేవాణ్ణి.

"పిల్లల లెక్కలు నమ్ముకుంటే నిండా మునుగుతావు" అని ఆమె గైడు మొదటినుంచీ హెచ్చరించేవాడట. ఆమె వినలేదు. రెండు వానాకాలాల పని ఆ నోటుపుస్తకాల్లోనే ఉంది. మొదటి ఆరేడు నెలలే వచ్చింది, తర్వాత వేరే కొండల్లో పని పడి ఏడాదికి పైగా రాలేకపోయింది. తిరిగి వచ్చిన రోజు స్టాఫ్‌రూములో కూర్చుని పేజీలు తిప్పుతూ ఆగిపోయింది.

"సార్, ఇదంతా తలకిందులుగా ఉంది. కంచె ఉన్నదాంట్లో మొలకలు తగ్గిపోతున్నాయి. లేనిదాంట్లో పెరుగుతున్నాయి. పిల్లలు గుట్టెక్కకుండా ఇక్కడే కూర్చుని రాసినట్టున్నారు. నా రెండేళ్ళూ పోయాయి సార్."

అసలే నాకు ముక్కు మీద కోపం. తిన్నగా తరగతిలోకి పోయి, లెక్క రాసే పిల్లను లేపి, "దొంగలెక్కలు రాయడానికా నిన్ను పంపింది?" అని అందరి ముందూ గద్దించాను. ఆ పిల్ల ఏడవలేదు.

"మూడుసార్లు ఎంచి రాసినాను సార్. వచ్చి సూడండి. మీరు యాడొచ్చినారు ఇన్నాళ్ళూ?"

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఆ అమ్మాయితో పాటు పిల్లల వెనకే గుట్ట ఎక్కాను.

ముందు కంచె ఉన్న చదరం తగిలింది. కింది తీగె ఒకచోట పైకి వంగి ఉంది. లోపల గడ్డి మొదళ్ళదాకా కొరికేసి, నేలంతా మేక పెంటికలు. కంచే చేను మేసిందంటారే, ఇక్కడ కంచె నిలబడే మేకలకు దారిచ్చింది. అక్కడినుంచి రెండోదానికి నడిచాం.

ఏం చెప్పను! ఆ నాలుగు రాళ్ళకు ఇవతల నేల తిరుమలలో కొట్టించుకున్న గుండులా ఉంది. అవతల మోకాలెత్తు బోదగడ్డి. దాని నీడన బలుసు, బిల్లుడు, తెల్లమద్ది, అన్నీ చిన్నచిన్న మొక్కలు. ఒక మూల జాలారి. నేను పేరు వినడమే గానీ ఆ చుట్టుపక్కల ఎప్పుడూ చూసి ఎరగను. ఎన్నడో నరికిన మాను వేళ్ళు భూమిలో బతికే ఉండుంటాయని ఆ అమ్మాయి గొణిగింది. నేనేమో ఏళ్ళ తరబడి మొక్కలు నాటి చంపినవాణ్ణి. ఎవరూ నాటనివి నా కళ్ళ ముందు ఆకులు ఊపుతున్నాయి.

ఎర్రరాళ్ళకు పసుపు రాసి ఉంది. పక్కనే మేకలు కాసే అవ్వ కూర్చుని ఉంది. "ఈ పసుపు ఎవరు రాశారవ్వా?" అన్నాను.

"నేనే అయివోరా. ఎర్రరాళ్ళు నిలబెట్టినారు. నెలనెలా చెప్పులిడిసి వస్తారు. మోకాళ్ళ మీద కూసోని నోట్లోనే మంత్రం సదువుకుంటారు. యా తల్లో చెప్పకపోతే మానె, నాకామాత్రం తెలీదా? ఈడ మేకల్ని ఎట్ల ఇడస్తాను? ఊర్లో ఎవురూ ఇడవరు."

"మరి ఆ కంచెలోకి?"

"దాంట్లో ఏముండాది? సర్కారు తీగె. ఎత్తితే దూరతాయి."

నేను పకపకా నవ్వాను. ఆ అమ్మాయి నవ్వలేదు. అవ్వ ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. "ఇక్కడ ఏ తల్లీ లేదవ్వా. మేము ఎంచింది మొలకల్ని. నీ మేకలు మెయ్యాలనే దీనికి కంచె కట్టలేదు. అవి మేస్తేనే నా పని నిలుస్తుంది. లేకపోతే నా చదువు పోయినట్టే."

అవ్వ రాళ్ళ మధ్య మొక్కల వైపు కర్ర చూపింది. "మీరు నాటినారా ఈట్ని?"

"లేదు."

"నీళ్ళు పోసినారా?"

"లేదు."

"ఈ గుట్టమీద జాలారి మాన్లుండేవని మాయత్త చెప్పేది. నేను కాపరానికి వచ్చినాక ఒగటీ సూళ్ళేదు. ఇదో, ఈడ వచ్చిండాది. నాటలేదంటివి, నీళ్ళు పోయలేదంటివి. మళ్ళా తల్లి లేదంటావేంది అమ్మణ్ణీ?"

అవ్వ లేచి చేతికర్ర ఆ అమ్మాయి వైపు చాచింది. "నీ సదువు పోతాదంటే నేనడ్డం రాను. నువ్వే తోలు. నాచేత కాదు."

ఆ అమ్మాయి కర్ర అందుకుంది. మేకలు రాళ్ళ దగ్గరే నిలబడి ఉన్నాయి. ఒక్కసారి 'హోయ్' అంటే చాలు, ఆమె రెండేళ్ళ పని గాడిన పడుతుంది. తోలెయ్యమ్మా అని నేనే అనబోయాను, నోరు రాలేదు. ఆమె జాలారి వంక చూసింది. "నావల్లా కాదవ్వా" అని కర్ర తిరిగిచ్చేసింది. కళ్ళనిండా నీళ్ళు.

తర్వాత ఆమె వేరే గుట్ట మీద మొదటినుంచి మొదలుపెట్టుకోవాల్సి వచ్చింది. చదువు ఇంకో రెండేళ్ళు వెనకబడింది. అక్కడ కూడా పిల్లల చేతే ఎంచించింది.

ఆరోజు మాత్రం కళ్ళు తుడుచుకుని, లెక్క రాసే పిల్లతో "నీ లెక్కలో తప్పు లేదమ్మా, తప్పు నాది" అంది. తప్పు నాదీ కదా. ఆ పిల్ల తలమీద చెయ్యి వెయ్యబోయాను. పక్కకు జరిగింది. ఆ శిక్ష నాకు తగిందే.

ఆ నెల లెక్క ఇంకా రాయలేదు. ఎలాగూ ఎక్కాం కదా అని ఎంచడం మొదలుపెట్టాం. నేనూ ఒక గడి దగ్గర మోకాళ్ళు వేశాను. అందరం చెప్పినవి కూడి, ఆ పిల్ల నలభయ్యొకటి అని చదివింది.

"ఒగటి ఇడిసిపెట్నారు" అంది అక్షరం ముక్క రాని అవ్వ, మేకల మీద నుంచి చూపు తిప్పకుండానే. "అయివోరి గడిలో, గడ్డి ఎనకాల."

నేను గడ్డి పక్కకు తీసి చూశాను. వేలెడంత జాలారి, రెండే ఆకులు.