పౌలు ఏ ఊరివాడు?

ఆ రోజుల్లో ధైర్యమున్నవాళ్లు ఆటలాడేవాళ్లు, లేనివాళ్లు ఆటలు నడిపేవాళ్లు. నేను నడిపేవాణ్ణి. కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఇళ్లు చాలక ఆఫీసులు డేరాల్లో పెట్టారు. అలాంటి ఒక డేరాలో నేను గుమాస్తాను. మా ఆఫీసరుకు బాస్కెట్ బాల్ పిచ్చి, ఊళ్లో కుర్రాళ్లను పోగేసి ఒక జట్టు కట్టాడు. ఒక పొద్దున నన్ను పిలిచి, “నీ ఇంగ్లీషు బాగుంది, ఇకనుంచి మన జట్టుకు నువ్వే మేనేజరువి” అన్నాడు. అప్పటికి నేను ఆ బంతిని తాకి ఎరగను. (తర్వాత చాలాసార్లు తాకాను, గాలి కొట్టడానికి.) కాదంటే ఉద్యోగం ఊడుతుందేమోనని భయపడి సరేనన్నాను.

మా జట్టంతా ఒక కాలేజీ కుర్రాడి మీద నిలబడి ఉండేది. ఆరడుగులు దాటిన మనిషి, అందుకని కొట్టం మధ్యలో పాతే గుంజ పేరుతో వాణ్ణి నిట్రాడు అనేవాళ్లం. కడప జట్టుతో పోటీ నాలుగు రోజుల్లో ఉందనగా వాళ్ల నాయన వాణ్ణి ఊరికి పిలిపించుకుని, మళ్లీ పంపనన్నాడు. “నిట్రాడు లేకుండా కడపలో దిగావో, ఈ డేరా మొహం చూడకు” అన్నాడు ఆఫీసరు. దేవుడా అనుకుంటూ మైదుకూరులో బస్సు దిగి, ఎర్రటి ఎండలో రెండు మైళ్లు నడిచి ఆ ఊరు చేరాను. పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మీసాలు ఒక్కొక్కటీ నా వేలంత. చేతిలో మచ్చుకత్తి. వేపపుల్ల చెక్కుకుంటున్నాడని నా బుద్ధికి తెలుసు గానీ కాళ్లకు తెలియలేదు, అవి అరుగుకు పదడుగుల దూరంలోనే ఆగిపోయాయి.

“ఏమప్పా, మావోన్ని అందరూ కలిసి తోస్తాండారంటనే? వీడు తిరిగి కొట్టగూడదంటనే? అదేం ఆట?”

“అట్ల తోస్తే ఫౌలు వస్తాది పెద్దయ్యా.”

కత్తి ఆగింది. “పౌలా? యా ఊరోడు వాడు?”

ఫౌలంటే మనిషి కాదు, ఆటలో జరిగే తప్పుకు పేరు అని చెప్పాల్సింది అక్కడే. నోరు తెరిచాను. కత్తి చూశాను. “కడపోడు పెద్దయ్యా” అనేశాను. (నాలుక నాదే, ఆ మాట ఎవరిదో నాకిప్పటికీ తెలియదు.)

“వాడు మావోని మీద చెయ్యేసినాడంటే?”

“ఎయ్యడు.”

“మాట ఇస్తాండావా?”

ఇచ్చాను. మా సీమలో మాట ఇవ్వడమంటే తల ఇవ్వడమే. “సరే, తోలుకపో. నేనూ వస్తా. ఆ పౌలు ఎట్లుంటాడో నేనూ సూడల్ల” అన్నాడు పెద్దాయన.

పోటీ రోజున ఆయన ఎనిమిది మందిని వెంటబెట్టుకొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. తలా ఒక చేతికర్ర. నేరుగా కడప ఆటగాళ్ల దగ్గరికి పోయి, ఆ కర్రలు చూపించి, “మా పొడుగోన్ని ఒక్క వేలుతో గూడ తాకొద్దండప్పా, మీ కాళ్లు పట్టుకుంటా” అన్నాను. వాళ్లూ అమ్మానాయనా ఉన్న పిల్లలే, సరేనన్నారు. ఆట మొదలైంది. బంతి నిట్రాడి చేతికొస్తే చాలు, కడపవాళ్లు దోవ వదిలి నిలబడుతున్నారు. జనం ఈలలు (మెచ్చుకుని కాదు). ఇంతలో ఇంకెవరినో ఎవరో గుద్దితే రెఫరీ విజిలేసి “ఫౌల్!” అని అరిచాడు. పెద్దాయన దిగ్గున లేచాడు. “యాడ వాడు?” ఎనిమిది కర్రలూ లేచాయి. నేను ఉరికి ఆయనకు అడ్డం నిలబడ్డాను.

“వచ్చినాడు గానీ పోయినాడు పెద్దయ్యా” అన్నాను.

విరామంలో నిట్రాడు నా దగ్గరికొచ్చాడు. బుట్టలో పడ్డ బంతులన్నీ వాడు వేసినవే, మొహం మాత్రం ఏడుపు మొహం. “అన్నా, పీనుగొస్తే జరిగినట్ల జరుగుతాండారు నన్ను సూసి. ఏం చెప్పినావన్నా వాళ్లకు?” అన్నాడు. దాచలేకపోయాను, మొదటి నుంచీ జరిగిందంతా చెప్పేశాను. వాడు నేరుగా నాయన దగ్గరికి పోయాడు. కాసేపటికి పెద్దాయన వేలు ఆడించి నన్ను రమ్మన్నాడు. ఆ ఇరవై అడుగులు ఎట్లా నడిచానో ఆ దేవుడికే తెలియాలి.

“పౌలంటే మనిషి కాదంటనే?”

“కాదు పెద్దయ్యా.”

“నాకెందుకు చెప్పలే?”

“బయమైంది పెద్దయ్యా.”

తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. “నీ బయానికి నా కొడుకు ఆట సంపితివి గదప్పా” అన్నాడు మెల్లగా. తర్వాత కర్ర పక్కన పెట్టి, కడపవాళ్ల వైపు తిరిగి గొంతెత్తాడు. “ఒరే నాయనా, మావోన్ని తాకండిరా! వాడేం అరిగిపోడు!”

తాకారు. మొదటి సగానికి కూడా కలిపి తాకారు. మేం ఓడిపోయాం. నిట్రాడు పగిలిన పెదవితో, దోక్కుపోయిన మోకాళ్లతో పకపకా నవ్వుతూ వచ్చాడు. పెద్దాయన తువ్వాలుతో వాడి నెత్తురు తుడుస్తూ, “శానా బాగా ఆడినావురా” అన్నాడు. ఆ తర్వాత వాణ్ణి ఏ పోటీకీ ఆపలేదు.

నేను ఆ డేరా వదిలి, బాస్కెట్ బాల్ సంఘానికి జిల్లా కార్యదర్శినై, చివరికి ఒక మిల్లు జట్టుకు జీతం తీసుకునే మేనేజరునయ్యాను. పిల్లల్ని చేర్చడానికొచ్చిన తల్లులు “మావోనికేం కాదు గదా సార్?” అని అడిగితే, “దెబ్బలు తగుల్తాయమ్మా” అని మొహం మీదే చెప్పేవాణ్ణి. అది విని మంచి ఆటగాళ్లను వెనక్కి తీసుకుపోయినవాళ్లూ ఉన్నారు. ఎంత ధైర్యమయ్యా నీకు అనేవాళ్లు మిల్లులో. నాకు నవ్వొచ్చేది. మచ్చుకత్తి భయం ఏనాడో పోయింది గానీ, పెద్దాయన జాలిగా చూసిన ఆ చూపు మళ్లీ ఎవరి కళ్లలోనైనా చూడాల్సి వస్తుందేమోనని ఇప్పటికీ భయమే.