వేపచెట్టు కింద, గోడ పక్కన

తడి సున్నం వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. నిన్న మా బడి ప్రహరీ గోడకు సున్నం వేస్తున్నారు. నేను తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు గ్రామరులో ఫ్రేజులు చెబుతున్నాను. కిటికీలోంచి ఆ వాసన రాగానే నా మాట ఆగిపోయింది. పిల్లలు తలలెత్తి చూశారు. వాళ్ళ టీచరు ఈ ఫ్రేజులన్నీ సమాధుల మధ్య నేర్చుకుందని వాళ్ళకేం తెలుసు? నాకు నేర్పినావిడ కరుణమ్మ టీచరు గారు.

ధవళేశ్వరం దగ్గర మా ఊరి చర్చి వసారాలో ఆవిడ సాయంత్రాలు పదో తరగతి వాళ్ళకు ట్యూషను చెప్పేవారు. భర్త పోయారు, పిల్లలు లేరు. మనిషి సన్నం, గొంతు ఇంకా సన్నం. పోయినవాళ్ళకు పూలు చల్లి కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగకు ముందు, నా అన్నవాళ్ళు లేని పాత సమాధులకు సున్నం వేసే పని మా చర్చిలో పిల్లలది. ఆ వారమంతా ట్యూషను కూడా అక్కడే. మేం కుంచెలు పట్టుకుని తంటాలు పడుతుంటే, ఆవిడ రాళ్ళ మీది ఇంగ్లీషు చదివించేవారు. రాతి మీద జాగా తక్కువ కాబట్టి ఎక్కువగా ఫ్రేజులే ఉంటాయని చెప్పేవారు. ‘ఎ లవింగ్ మదర్’ అంటే మనిషిని చెప్పే ముక్క, నౌన్ ఫ్రేజ్. ‘ఆఫ్టర్ ఎ లాంగ్ ఇల్‌నెస్’ అంటే ఎప్పుడో చెప్పే ముక్క, ప్రిపొజిషనల్ ఫ్రేజ్. కర్తా క్రియా జతగా కనబడితే మాత్రం అది ఫ్రేజ్ కాదు, జాగ్రత్త అనేవారు.

ఆవిడకో పద్ధతి ఉండేది. ముక్క చదివి ఆగేవారు. తక్కిన వాక్యం మాలో ఎవరో ఒకరు అందుకుని పూర్తి చేయాలి. వసారాలో అది మాకు సరదాగానే ఉండేది. సమాధుల దగ్గర మాత్రం ఆవిడ మా వైపు చూసేవారు కాదు, రాయి వైపు చూస్తూ ఆగేవారు. రాయి కిందనుంచి ఎవరైనా అందుకుంటారేమోనని మాకు భయం. మాలో ధైర్యవంతుడనుకున్నవాడు కూడా గబగబా ఏదో ఒకటి అనేసి ఆ నిశ్శబ్దాన్ని తప్పించేవాడు.

ఒక సాయంత్రం, మీ మీ వాళ్ళ సమాధి ఎక్కడుందో ప్రిపొజిషనల్ ఫ్రేజుల్లో చెప్పమన్నారు. మా అమ్మ నేను మూడో తరగతిలో ఉండగా పోయింది. ఆమెకు రాయి లేదు. నాన్న ఇటుక బట్టీలో పని దిగి వచ్చేసరికి పొద్దు వాలేది. పండుగనాడు జనమంతా వెళ్ళిపోయాక మేమిద్దరం పోయి, బంతిపూలు చల్లి, కొవ్వొత్తి పెట్టి వచ్చేవాళ్ళం. ఆ నేలను తాకితేనే అమ్మ నాకు ఉన్నట్టుండేది. నేను తడుముకోకుండా ‘అండర్ ద నీమ్ ట్రీ, బిసైడ్ ద వాల్’ అన్నాను. వేపచెట్టు కింద, గోడ పక్కన అని.

టీచరు గారి ముఖం పాలిపోయింది. ఎప్పటినుంచి అక్కడ కొవ్వొత్తి పెడుతున్నారని అడిగారు. అమ్మ పోయిన మరుసటి ఏడాది నుంచి అన్నాను. ఆవిడ తన భర్త సమాధి గట్టు మీద కూలబడ్డారు.

"అక్కడ ఎవరూ లేరమ్మా. అది మా ఆయన పక్కన నాకోసం ఉంచిన చోటు."

తక్కిన పిల్లలను పంపించేసి, మెల్లగా చెప్పుకొచ్చారు. పండుగ మర్నాడు వచ్చి చూస్తే, తన ఖాళీ చోట కరిగిన మైనం, వాడిన పూలు కనబడేవట. ఎవరినడిగినా మాకు తెలియదండి అనేవారట. బతికున్న మనిషికి కొవ్వొత్తి పెడుతున్నారంటే పైనుంచి పిలుపు వచ్చినట్టేననుకున్నారు. తనను పాతిపెట్టేటప్పుడు కట్టడానికి తెల్లచీర కూడా పెట్టె అడుగున మడతపెట్టి ఉంచుకున్నారు. ఇన్నేళ్ళు ఆవిడను అంతగా భయపెట్టిన దయ్యం నేనూ మా నాన్నా అన్నమాట.

వెంటనే ఇంకో భయం పట్టుకుంది. మరి మా అమ్మేది? ఆవిడే నా చెయ్యి పట్టుకుని అవతలి మూలకు తీసుకెళ్ళారు. అక్కడ ఒక వేప మొద్దు ఉంది. అమ్మను పూడ్చింది దాని పక్కనేనట. ఆ రోజు కుండపోత వాన, నన్ను ఎత్తుకుని నిలబడింది తానేనట. ఆ ఏడాది గాలివానకు ఆ చెట్టు కూలిపోయింది. రాయి లేని మట్టిదిబ్బ వానలకు నేలమట్టమైంది. నాన్న చెట్టు గుర్తు పెట్టుకుని, గోడ పక్కన మిగిలిన ఇంకో వేపచెట్టు దగ్గరకు పోయాడు. మొద్దు పక్కన నేల మీద పాత మైనం గడ్డకట్టి ఉంది.

"మీరు రావడం మానేశారనుకుని నేనే పెడుతున్నాను" అన్నారు.

నేను ఆ మట్టి మీద బోర్లా పడి ఏడ్చాను. లేచాక, ఇక మీ చోట పెట్టంలెండి అన్నాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"మానకమ్మా. ఇన్నేళ్ళు వెలిగిన చోటు చీకటైపోతే నాకింకా భయం."

ఆ ఏటి నుంచి రెండు చోట్లా పెట్టాం. నాన్న ఆ సంగతి విని తానే రెండో కొవ్వొత్తి కొనుక్కొచ్చాడు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ పండుగనాడు మాకోసం అక్కడే కూర్చుని ఉండేవారు. తన చోట వెలుగుతున్న కొవ్వొత్తిని అలా చూస్తూ ఉండేవారు.

ఇప్పుడు ఆవిడ ఆ చోటనే ఉన్నారు. పండుగనాడు అమ్మ దగ్గరకు తర్వాత వెళతాను, మొదటి కొవ్వొత్తి మాత్రం ఆవిడ దగ్గరే పెడతాను. వంగి వెలిగిస్తుంటే చిన్నప్పటి అలవాటు కొద్దీ నోటివెంట ‘అమ్మా’ అని వచ్చేస్తుంది. నేను దిద్దుకోను.