ఎర్ర కుర్చీలో పాప

వాళ్లమ్మ ఆ పాపను మొదటిసారి తీసుకొచ్చిన రోజు, పిల్ల నిద్రపోతోందనుకున్నాను. తల భుజం మీద వాలిపోయి ఉంది. ఒక చెయ్యి వెనక్కి వేలాడుతోంది. లోపల చాప వేయమని మా ఆయమ్మకు చెప్పబోతుంటే వాళ్లమ్మే అంది.

"నిద్రపోలేదక్కా. దానికి మెడ నిలవదు. నాలుగేండ్లు నిండినాయి."

చంద్రగిరి దాటి కాస్త లోపలికి పోతే మా ఊరు. అక్కడ నేను అంగన్‌వాడీ టీచర్‌ని. పాప వాళ్లమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనికి పోతుంది. అంతవరకూ పాపను చూసుకుంటూ వచ్చిన అత్త జారిపడి మంచాన పడింది. ఇక ఎవరూ లేక మా దగ్గరికి తీసుకొచ్చింది. వద్దనడానికి లేదు. అంతకు కొద్దిరోజుల ముందే మీటింగులో మా సూపర్‌వైజరమ్మ చెప్పింది, ఇలాంటి పిల్లల్ని కూడా చేర్చుకోవాలి, అందరితో కలిపి కూర్చోబెట్టాలి అని. నేనూ తలూపాను. కూర్చోలేని పిల్లను ఎలా కూర్చోబెట్టాలో అడగాలని ఆ పూట తోచలేదు.

ఆయమ్మే ఒక ఉపాయం చేసింది. చేతులున్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో రెండు పక్కలా దిండ్లు కుక్కి, నడుముకు పాత చున్నీ వదులుగా కట్టింది. పాప కూర్చోగలిగింది. తల మాత్రం ఒక పక్కకు ఒరిగే ఉండేది.

ఆ తర్వాత నాకు ఏదీ అంతుపట్టలేదు. పాట మొదలుపెడితే పాప గట్టిగా అరిచేది. ఏడుస్తోందని ఆయమ్మ ఎత్తుకునేది. ఎత్తుకుంటే ఇంకా అరిచేది. పాట ఆపితే తనూ ఆపేది. ఇష్టం లేక అరుస్తోందా, తను కూడా పాడుతోందా? సాయంత్రం వాళ్లమ్మ వచ్చి, "ఈ పొద్దు ఎట్లుండింది అక్కా?" అని అడిగితే, "బాగానే ఉండింది" అనేదాన్ని. బాగా ఉందో లేదో నాకే తెలియదు.

మిగతా పిల్లలు మొదట్లో దూరంగా ఉన్నారు. తర్వాత ఒక్కొక్కరే దగ్గరికొచ్చి కుర్చీని తాకి పోయేవాళ్లు. ఒకరోజు మధ్యాహ్నం నేను లోపల పాలు కలుపుతుంటే బయటినుంచి "గోవిందా, గోవింద!" అని కేకలు వినిపించాయి. వచ్చి చూద్దును కదా, ఎర్ర కుర్చీని వరండా అంతా లాగుతున్నారు. ముందు ఇద్దరు లాగుతుంటే వెనక ముగ్గురు నెడుతున్నారు. ఒక పిల్ల స్టీలు పళ్లేన్ని గొడుగులా పట్టుకుంది. ఒకడు చేతులు తుడుచుకునే తువ్వాలుతో విసురుతున్నాడు. తిరుపతి పక్కన పుట్టిన పిల్లలు, వాళ్లు చూసిన గొప్ప వేడుక స్వామి ఊరేగింపే. కుర్చీలో పాప నవ్వుతోంది. ఒళ్లంతా అదిరేలా, నోటినుంచి చొంగ కారేలా నవ్వుతోంది. అంతవరకూ ఆ నవ్వు నేను వినలేదు. ఆపాలో, చప్పట్లు కొట్టాలో తెలియక పాలగ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

అదే సమయానికి వాళ్లమ్మ గేటు దగ్గరికి వచ్చింది. ఫ్యాక్టరీలో కరెంటు పోయి ముందుగా వదిలేశారట. కాసేపు చూసింది. తర్వాత గబగబా వచ్చి చున్నీ విప్పి బిడ్డను ఎత్తుకుంది.

"ఏందక్కా ఇది? నా బిడ్డ వీళ్లకు బొమ్మా?"

నేను ఏదో చెప్పబోయాను. ఆమె వినలేదు. మరుసటి రోజు పాపను తీసుకురాలేదు. ఆ మరుసటి రోజూ అంతే.

వాళ్లు చర్చికి పోయే కుటుంబం. గోవింద నామమే ఆమెకు కష్టం కలిగించిందనుకుని, ఆదివారం సాయంత్రం వాళ్లింటికి పోయాను. పాప మంచం మీద నానమ్మ పక్కన పడుకుని ఉంది.

"పిల్లోళ్లు తెలీక అట్లా అనినారు. మనసులో పెట్టుకోవద్దమ్మా" అన్నాను.

ఆమె నావైపు వింతగా చూసింది. "గోవిందా అంటే నాకేం కష్టమక్కా? సిన్నప్పుడు మేమూ అదే ఆట ఆడినాం. దాని గురించి కాదు."

"మరి?"

"దాన్ని ఎత్తుకొని తిప్పేదానికి నేనుండా, మా అత్త ఉన్నింది. మీ కాడికి పంపింది ఆడుకునేదానికి. ఆడేది వాళ్లు. ఇది దేవుడి మాదిరి ఊరికే కూర్సోనుండాది."

ఆ మాట నిజమే అనిపించింది. కానీ ఆ నవ్వు కూడా నేను విన్నాను. "అంత నవ్వు నవ్వింది కదమ్మా. నేనెప్పుడూ సూళ్లేదు" అన్నాను.

ఆమె పాప మూతి తుడిచింది. "అంతకు ముందు నేనూ సూళ్లేదు. అది ఆటో కాదో నాకూ తెలీడం లేదు" అంది.

కాఫీ ఇచ్చింది, తాగి వచ్చేశాను.

సోమవారం పాపను తీసుకొచ్చింది. ఊరేగింపు ఆట వద్దని పిల్లలకు చెప్పాను. "ఎందుకు టీచర్?" అన్నారు. అందరిలో కలవాలని పాపను కుర్చీలోంచి దించి చాప మీద దిండుకు ఆనించాను. పిల్లలు వేరే ఆటకు పరిగెత్తారు. పాప కుర్చీ వైపు చూసి మూలిగింది. మళ్లీ కుర్చీలో పెట్టాను. మళ్లీ లాగారు. మళ్లీ నవ్వింది. వాళ్లమ్మ ఎక్కడ చూస్తుందోనని నేను గేటు వైపు చూస్తూ ఉండిపోయాను.

ఒకరోజు అన్నాల వేళ. కుర్చీ పక్కనే రెండు జడల పిల్ల ఒకతి కూర్చుని, కోడిగుడ్డును చివర్లో తిందామని పళ్లెం అంచున దాచుకుంది. పాప చెయ్యి ఒక్కసారిగా విసురుగా లేచింది. కావాలని చేసిందో, చెయ్యే అలా లేచిందో దేవుడికే ఎరుక. పళ్లెం ఎగిరింది, గుడ్డు దొర్లి వరండా పక్క మురుగు కాలవలో పడింది. ఆ పిల్ల లేచి పాప చేతి మీద ఫట్‌మని కొట్టింది.

అందరూ బిగుసుకుపోయారు. "టీచర్, పాపను కొట్టింది!" అని ఒకడు అరిచాడు. పాప కళ్లు పెద్దవి చేసి, ఆ తర్వాత ఏడుపు అందుకుంది. ఈసారి అది ఏడుపేనని నాకు అర్థమైంది. రెండు జడల పిల్ల కూడా ఏడుస్తోంది. ఎవరిని ఓదార్చాలో, ఎవరిని కోప్పడాలో తోచలేదు. తల ఎత్తితే వాళ్లమ్మ వాకిట్లో నిలబడి ఉంది. ఆ వారం ఆమెకు సాయంత్రం షిఫ్టు, అత్తకు మందులు కొని అటుగా పోతూ తొంగి చూసిందట. ఇక ఈ పిల్ల మళ్లీ రాదనుకున్నాను.

"నేను సూసినాలే అక్కా" అంది. "ఇద్దర్నీ తిట్టు."

"పాపను కూడానా?"

"గుడ్డు పారేసింది అదే కదా. తిట్టు."

ఆ పాపను అంతవరకూ ఎవరూ తిట్టి ఉండరు. నేను కుర్చీ ముందు కూర్చుని, "అట్లా ఇసిరేస్తారా? ఆ అక్క గుడ్డు పాయె కదా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. తర్వాత రెండో పిల్లను, "కొట్టేది ఏంది?" అని కసిరాను. పాప ఏడుపు ఆపి నా మొహంలోకి చూసింది. పాపకు ఏం అర్థమైందో ఇప్పటికీ చెప్పలేను. వాళ్లమ్మ లోపలికి రాలేదు. కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది. అది నవ్వో ఏడుపో కూడా నాకు తెలియదు.

పాప మా దగ్గరే ఉండిపోయింది, బడి వయసు వచ్చేదాకా. గుడ్డు గొడవ జరిగిన మరుసటి రోజు మధ్యాహ్నం ఆ రెండు జడల పిల్ల మళ్లీ కుర్చీ పక్కకే వచ్చి కూర్చుంది. కూర్చున్నాక, తన పళ్లేన్ని కాస్త అవతలికి, పాప చెయ్యి అందనంత దూరం జరుపుకుంది.